అణాకి ఆరు, పావలాకి పాతిక

మంట దగ్గరికి జరగండర్రా. ఒరేయ్, ఆ ఫోను అవతల పెట్టు. స్కాన్ కొట్టి పోయేవాళ్లకి చిల్లర కష్టం ఏం తెలుస్తుంది?

మా నాన్నకి పల్లెలో కిరాణా కొట్టుండేది. మాకు లెక్కలు బళ్లో కంటే ముందు గల్లాపెట్టె దగ్గరే వచ్చాయి. అప్పట్లో రూపాయికి పదహారణాలు, అణాకి నాలుగు కాణీలు. వినడానికి తికమకగానీ పసిపిల్లలకి అదే తేలిక. అన్నీ సగాలేగా! రూపాయిలో సగం అర్ధ, అందులో సగం పావలా, దాన్లో సగం బేడ, బేడలో సగం అణా. చింతగింజలు సమంగా పంచుకోవడం వస్తే చాలు. మునిమాపువేళ దీపం పెట్టకముందే వేలితో తడిమి చెప్పేవాళ్లం: అంచు వంకీలు తిరిగితే అణా, నాలుగు పలకలైతే బేడ, నడుమ బొక్కుంటే యుద్ధం నాటి చిల్లుకాణీ.

తీసివేత జోలికి నాన్న పోయేవాడే కాదు. ఎవరైనా మూడణాల బెల్లం కొని రూపాయి ఇచ్చారనుకోండి. బెల్లం పొట్లం ముందు పెట్టి "మూడు" అనాలి. పక్కన అణా పెట్టి "పావలా". ఇంకో పావలా పెట్టి "అర్ధ". అర్ధ బిళ్ళ వేసి "రూపాయి". కొన్నవాళ్లకి వినపడేట్టు పైకే అనాలి. చిల్లర వాళ్ల చేతిలో పడేదాకా వాళ్లిచ్చిన రూపాయి గల్లాలో వెయ్యకూడదు. వేశావా, "నేనిచ్చింది ఐదు కదయ్యా" అంటే ఏం చెప్తావ్?

1957 ఏప్రిల్ 1న నయాపైసలు దిగాయి. రూపాయికి నూరు. పాత బిళ్ళలూ చెల్లుతూనే ఉన్నాయి, ధరలేమో జనం నోట అణాల్లోనే. అణాకి ఆరుంపావు పైసలు రావాలి, పావు పైసా ఎక్కణ్ణించి తెస్తాం? అర పైసా, అంతకు తక్కువైతే వదిలెయ్యాలి, ఎక్కువైతే నిండు పైసా కట్టాలి. అలా అణాకి ఆరు, మూడణాలకి పంతొమ్మిది, పావలాకి పాతిక.

పిల్లలు ఊరుకుంటారా! అణా బలపాల కట్టలు నాలుగు కావాలంటే నలుగురూ విడివిడిగా వచ్చి ఇరవైనాలుగు పైసలతో సరిపెట్టేవాళ్లు. మూడణాల సరుకు రెండు కావాలంటే మాత్రం ఒకడే వచ్చేవాడు. విడిగా ముప్ఫైఎనిమిది, కలిపి కొంటే ఆరణాలకి ముప్ఫైఏడేగా! ఏ గడుగ్గాయి ఎలా వస్తాడో చూసి నాన్న గల్లాపెట్టె మీద చెయ్యి చరిచి, "లెక్కలు నేర్పి చెడగొట్టుకున్నానర్రా మిమ్మల్ని" అని తిట్టేవాడు, నవ్వుకుంటూనే.