గోడ మీద మీటరు, మగ్గం మీద మీటరు

మా నగరిలో మీటరంటే రెండు. మగ్గం మీద నేసిన గుడ్డను కొలిచేది ఒకటి, గోడ మీద కరెంటును కొలిచేది ఇంకొకటి. మా నాయినకు మరమగ్గాలుండేవి. ఆయన రెండు మీటర్లనూ నమ్మేవాడు కాదు, రెంటినీ తానే సరిచూసుకునేవాడు.

ఇంటి మీటరు ముఖం మీద 600 అని ఉండేది. చక్రం 600 సుట్లు తిరిగితే ఒక యూనిట్టని అర్థం. నాయిన ఇంట్లో స్విచ్చులన్నీ ఆపి, నూరు క్యాండిల్ బల్బు ఒక్కటే వేసి, చేతి గడియారం విప్పి పట్టుకునేవాడు. వంద వాట్ల బల్బు పది గంటలు వెలిగితే యూనిట్టు. పది గంటలంటే 600 నిమిషాలు. అంటే చక్రం అంచున ఉండే నల్లమచ్చ సరిగ్గా నిమిషానికొకసారి కనపడాల. కనపడేది. సాయంత్రం వీధిలో మగ్గాలన్నీ ఆడతా ఉన్నప్పుడు మాత్రం బల్బు పసుప్పచ్చగా మారి, అదే మచ్చకు 75 సెకన్లు పట్టేది. “మీటరుది తప్పు కాదురా, ఓల్టేజీ పడిపోయింది” అనేవాడు.

ఆ అల్యూమినియం చక్రం చాలా దూరం నించి వచ్చింది. 1885లో ఇటలీలోని టూరిన్‌లో గలీలియో ఫెరారిస్ తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని చూపించినాడు. నాలుగేండ్లకు బుడాపెస్ట్‌లో ఓట్టో బ్లాతి దాంతో కరెంటు మీటరు చేసి పేటెంటు తీసుకున్నాడు. ఒక చుట్ట ఓల్టేజీకి, ఒక చుట్ట ఆంపియర్లకు. రెండూ కలిసి చక్రాన్ని నెడతాయి, ఒక అయస్కాంతం వెనక్కి పట్టి ఆపుతుంది. ఆ అయస్కాంతాన్ని జరిపితే చక్రం వేగం మారిపోతుంది. మీటరుకు సీసం సీలు వేసేది అందుకే.

1959లో రాష్ట్రానికి విద్యుత్ బోర్డు వచ్చింది. ఊరి చుట్టూ బావుల మీద మోటార్లు లేచినాయి. 1983లో ఎన్టీఆర్ సర్కారు రైతుకు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలని పెట్టింది. ఇక బావి కాడ చక్రం చూసే పనే లేదు. 2004లో ఆ హార్స్‌పవర్ లెక్క కూడా పోయి కరెంటు ఉచితమైంది. నేతగాడికి మాత్రం సుట్టు సుట్టుకూ లెక్కే. దీన్ని తప్పని అనను. కానీ మా మామ మోటారు ఆపడం మరిచిపోయి తిరునాళ్లకు పోయినప్పుడు నాయిన మొహం చూడాల్సింది.

2000లో తిరుపతి కేంద్రంగా మా వైపు కరెంటు పంచే దక్షిణ డిస్కం ఏర్పడింది. ఆ తర్వాత మా ఇంట్లో చక్రం పోయి ఎలక్ట్రానిక్ మీటరు వచ్చింది. దాంట్లో ఎర్ర దీపం 3200 సార్లు మినుకుమంటే యూనిట్టు. తొమ్మిది వాట్ల బల్బు ఒక్కటే వేస్తే రెండు నిమిషాలకు పైగా కాచుకోవాల, ఒక్క మినుకు కోసం.

మొన్న నేనూ ఒక పెట్టె కట్టినాను, లెక్క ఫోనులో కనపడేట్టు. వైరు సుట్టూ వేసే రింగు, లోపల వంద ఆంపియర్లు పోతే 50 మిల్లీఆంపియర్లు ఇస్తుంది. మొదట ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి దూర్చినాను. సున్నా చూపించింది. పోయేదీ వచ్చేదీ ఒకటే కదా! ఫేజు ఒక్కటే దూర్చి, వెయ్యి వాట్ల వేణ్ణీళ్ల రాడ్డు పెట్టి, దీపం మినుకులు లెక్కబెట్టి సరిచేసినాను. మీటరుతో సరిపోయింది.

అదే ధైర్యంతో మగ్గాల షెడ్డులో మూడు ఫేజులకూ మూడు రింగులు వేసినాను. మీటరు పది యూనిట్లు చూపితే నా పెట్టె పదిహేను చూపింది. రెండు దినాలు తల గోక్కున్నాను. రాడ్డు తీసుకున్నదంతా వేడి చేస్తుంది. మోటారు అట్ల కాదు, తీసుకున్న కరెంటులో కొంత తన అయస్కాంతం కోసం వాడుకుని మళ్లీ లైనుకు తిప్పి ఇస్తుంది. నా రింగుకు ఆంపియర్లే తెలుసు, ఇచ్చిపుచ్చుకోవడం తెలీదు. మోటార్లకు కెపాసిటర్లు పెట్టమని కరెంటోళ్లు పోరేది ఈ గుణం వల్లనే. ఓల్టేజీని కూడా కొలిచే చుట్ట లేకుండా పని జరగదు. బ్లాతి చక్రంలో అది మొదటినించీ ఉండాది.

ఓల్టేజీ కొలిచేది కూడా తగిలించినాక లెక్క కుదిరింది. నాయిన పాత క్యాలెండర్లు తీసి చూసినాను. తేదీ గడిలో పైన రీడింగు, కింద ఆ పొద్దు నేసిన గుడ్డ మీటర్లు. నా ఫోనులో పై అంకె ఒక్కటే పడతా ఉంది. కింది గడి ఇంకా కట్టాల.