పిల్లలకు వాంతులా? ఇండియా నుంచి తెచ్చిన మందు వేసే ముందు ఇది చదవండి

ఇక్కడికి వచ్చేటప్పుడు మనందరం సూట్‌కేసులో ఒక మందుల సంచి పెట్టుకొస్తాం. అర్ధరాత్రి పిల్లకు వాంతులు మొదలైతే ముందు చెయ్యి పోయేది ఆ సంచిలోకే. ప్రాజెక్టు అయిపోయి, ఇన్సూరెన్స్ లేని రోజుల్లో అయితే చెప్పక్కర్లేదు. కానీ చిన్నపిల్లలకు అందాజాగా మందు వేయడం ప్రమాదం.

ముందు నీళ్లు, తర్వాతే మందు

పిల్లల వాంతులు ఎక్కువగా కడుపులో చేరిన వైరస్ వల్ల వస్తాయి, చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. అసలు భయం ఒంట్లో నీరు, లవణాలు పోవడం గురించే. పీడియాలైట్ లాంటి ద్రావణం ఏ ఫార్మసీలోనైనా చీటీ లేకుండా దొరుకుతుంది. ఐదు నిమిషాలకోసారి ఒక చిన్న చెంచాడు పట్టండి. ఒకేసారి గ్లాసుడు తాగిస్తే మళ్లీ కక్కేస్తారు. తల్లిపాలు ఆపొద్దు.

ఇండియా ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఉంటే, దాని మీద ఎంత నీళ్లు రాసుందో అంతే కలపండి. లీటరు ప్యాకెట్‌ను గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై ముప్పు. అదే పేరుతో అమ్మిన తీపి డ్రింకులు వేరు. వాటి మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో, అలాంటి డ్రింకుల పేర్లలో ఆ మాట వాడొద్దని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది.

ఏ మందు సంగతి ఏమిటి?

ఆన్‌డాన్‌సెట్రాన్: మన దగ్గర ఎమిసెట్, ఆన్‌డెమ్, ఇక్కడ జోఫ్రాన్. డాక్టర్ చీటీ ఉండాలి. ఎమర్జెన్సీలో తరచుగా ఒక్క డోసు ఇచ్చేది ఇదే. వాంతి ఆగితే నీళ్లు నిలుస్తాయి. డోసు బిడ్డ బరువును బట్టి ఉంటుంది. విరేచనాలు కాస్త పెరగొచ్చు. గుండె లయలో తేడా ఉన్న పిల్లలకు ప్రమాదం.

డోంపెరిడోన్ (డోమ్‌స్టాల్): గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇక్కడ ఎఫ్‌డీఏ ఆమోదం లేదు.

ప్రోమెథజీన్ (ఫెనర్గాన్): రెండేళ్లలోపు పిల్లలకు అసలు వేయకూడదు. ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది.

పెప్టో-బిస్మాల్: పెద్దలు తాగే ఈ గులాబీరంగు మందు 12 ఏళ్లలోపు వాళ్లకు కాదు. ఇందులో ఆస్పిరిన్ జాతి పదార్థం ఉంది.

ఇప్పటికే ఏదైనా వేసేసి భయపడుతుంటే పాయిజన్ కంట్రోల్‌కు 1-800-222-1222లో ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం.

ఎప్పుడు ఆగకూడదు?

పసరు రంగు వాంతి, రక్తం, ఎనిమిది గంటలుగా ఉచ్చ పోయకపోవడం, ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం, లేపినా మత్తుగా ఉండటం, భరించలేని కడుపునొప్పి, తలకు దెబ్బ తగిలాక వాంతులు: వీటిలో ఏది కనిపించినా ఎమర్జెన్సీకి వెళ్లండి. మూడు నెలల్లోపు బిడ్డకు వాంతులైతే వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి.

డబ్బు భయం

ఎంటాలా అనే 1986 నాటి చట్టం ప్రకారం మెడికేర్ తీసుకునే ఆసుపత్రుల ఎమర్జెన్సీలో, ఇన్సూరెన్స్ లేకపోయినా బిడ్డను పరీక్షించాలి. ప్రాణాపాయం ఉంటే స్థిమితపడేదాకా చూడాలి. బిల్లు తర్వాత వస్తుంది, అప్పుడు ఆర్థిక సహాయం ఫారం అడగండి. అంత అత్యవసరం కాకపోతే కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌కు వెళ్లండి, ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటారు. ఇక్కడే పుట్టిన పిల్లలకు, మీ వీసా ఏదైనా, ఆదాయాన్ని బట్టి మెడికెయిడ్ లేదా చిప్ రావచ్చు.

వెళ్లేటప్పుడు మీరు వేసిన మందు సీసా కూడా పట్టుకెళ్లండి. తిడతారని దాచొద్దు. ఏం వేశారో, ఎంత వేశారో, ఎన్నింటికి వేశారో తెలిస్తేనే డాక్టర్ సరైన మందు ఇవ్వగలరు.