తార్నాకలో తెల్లగీత

తార్ అను ఉర్దూమాటకు తీగ యని యర్థము. నాకా యనగా దారిలోని కావలిచౌకి. సికిందరాబాదునుండి ఉప్పలునకు పోవు బాటలో పూర్వమొక తోటకు తీగకంచె కట్టి కావలివాని నుంచిరనియు, అందువలననే ఆ చోటికి తార్నాక యను పేరు కలిగెననియు పెద్దలు చెప్పుదురు. నేటి పిల్లలు ఈ పేరు విని తారురోడ్డును తలచుకొందురు కాబోలు. శ్రోతలలో పలువురు ప్రతిదినము ఆ చౌరస్తా దాటుచునే యుందురు గాని తీగను చూచినవారు లేరు. ఇప్పుడచ్చట బండి నాపుటకు నేలపై నొక తెల్లగీత కలదు. తీగ మనుష్యుని దేహమునే యాపును. గీతకు ఆ బలము లేదు. బండి తోలువాడు మన్నించినప్పుడే దానికి ప్రాణము.

ఈ గీత పుట్టి ఎంతోకాలము కాలేదు. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున వేన్ కౌంటీ రోడ్లసంఘ సభ్యుడగు ఎడ్వర్డ్ హైన్స్ 1911లో ట్రెంటన్ దగ్గర రివర్ రోడ్డు నడుమ తెల్లగీత వేయించెను. ముందు పోవుచున్న బండినుండి పాలు కారి రోడ్డుమీద చార పడుట చూచి ఆతనికి ఆ యూహ తోచెనని చెప్పుకొందురు. 1917లో కాలిఫోర్నియాలో జూన్ మెక్‌కారల్ అను వైద్యురాలు కారులో పోవుచుండగా ఎదురువచ్చిన లారీ ఆమెను రోడ్డు ప్రక్కనున్న ఇసుకలోనికి తప్పుకొనునట్లు చేసెను. అధికారులకు మొరపెట్టుకొనియు ఫలము గానక ఆమె తన యింటివైపు రోడ్డుపై ఇంచుమించు ఒక మైలు పొడవున తానే గీత గీసెను. ఆ రాష్ట్రము ఈ పద్ధతి నంగీకరించుటకు 1924వ సంవత్సరము రావలసి వచ్చినది. ఈ రెండు కథలయందును గీత ఎదురెదురుగా వచ్చు బండ్లకొరకే ఏర్పడినది. కాలినడకవాని మాటయే లేదు. నలుపు తెలుపు పట్టెల దాటుదారిని బ్రిటను చట్టబద్ధము చేసినది 1951లో. అనగా బండివానికి గీత దొరకిన నలువది యేండ్లకు గాని నడచువానికి దొరకలేదు. ఈ వెనుకబాటు మన చౌరస్తాలలో నేటికిని కానవచ్చుచున్నది.

హైదరాబాదు వీథులకు వెడల్పు వచ్చుట 1908 నాటి మూసీ వరద తర్వాతిమాట. 1912లో నగరాభివృద్ధి సంఘ మేర్పడి, ఇరుకు పేటలను తీసివేసి పెద్దబాటలు వేయ నారంభించెను. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డురవాణా శాఖను నెలకొల్పిరి. ఆ బస్సులకు తోడు జట్కాలు, ఎద్దుబండ్లు, సైకిళ్లు, పెండ్లి ఊరేగింపులు ఆ బాటలమీదనే సాగెడివి. ఎద్దునకు గీత చూపి ప్రయోజన మేమి?

ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడినను, చాలకాలము నగరములోని అద్దెయిండ్లలోనే నడచినది. అడిక్మెట్టు మెరకలపై ఆర్ట్సు కళాశాలకు 1934లో శంకుస్థాపన జరిగెను; బెల్జియము దేశీయుడగు జాస్పర్ రూపకల్పన చేసిన ఆ భవనమునకు 1939 డిసెంబరు 4వ తేదీన ప్రారంభోత్సవము జరిగెను. 1929లో పుట్టిన ఇంజనీరింగు కళాశాల 1947లో ఆవరణలోని సొంత భవనమునకు తరలెను. తర్వాత చుట్టుప్రక్కల పెద్దసంస్థలు వెలసినవి. 1944లో ప్రారంభమైన పరిశోధనాలయము నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా నున్నది. జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరునుండి వచ్చెను. 1961లో భూభౌతిక పరిశోధన సంస్థ హబ్సిగూడలో వెలసినది. ఇట్లు తోట కావలి యున్నదనుచోట నాలుగు దిక్కుల జనము కలియు కూడలి ఏర్పడినది. పడమట మెట్టుగూడ, తూర్పున హబ్సిగూడ, ఉత్తరమున లాలాపేట, దక్షిణమున విశ్వవిద్యాలయము. 2017 నవంబరునుండి మెట్రోరైలు పైని నడచుచున్నది. ఆ రైలు దిగిన జనము మరల ఆ రోడ్డుననే నడువవలెను.

గీతకు శాస్త్రమును చట్టమును రెండును గలవు. 1934లో ఏర్పడిన భారతీయ రోడ్ల కాంగ్రెసువారు రోడ్డుగీతలకై 1970లో ముప్పదియైదవ సంఖ్యగల నియమావళిని ప్రకటించి, 1997లోను 2015లోను సవరించిరి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము రోడ్డుమీది గీతలను గూడ రాకపోకల సంకేతములలోనే చేర్చినది. కావున గీత అలంకారము కాదు, శాసనము. నేడు పెద్దబాటలలో వేయునది ఇంటిగోడల రంగు కాదు. మిగుల వేడిచేసి కరగించిన ప్లాస్టిక్కువంటి ముద్దను రెండున్నర మిల్లీమీటర్ల మందమున పరచి, పై నావగింజలకంటె చిన్నవగు గాజుపూసలు చల్లుదురు. రాత్రివేళ బండిదీపపు కాంతి పూసలో దూరి, వచ్చిన దిక్కునకే మరలి తోలువాని కంటికి చేరును. వానరాత్రి పూసలు నీట మునిగి గీత కానరాకుండును. అవసరము మిక్కిలి యున్ననాడే గీత మనల విడిచిపోవును!

మనవారు గీతను పాటింపరని అందరును అందురు. ఈ నిందలో సగము నే నొప్పుకొనను. వరుసలను విడదీయు గీత, బండ్లన్నియు నొకే వెడల్పున నున్న దేశమునకు తగినది. మన రోడ్డుపై బస్సు, ఆటో, స్కూటరు, తోపుడుబండి కలిసి పోవును. స్కూటరువానికి వరుసగీత యొక అంచు కాదు, నడుచుటకు దొరకిన సందు. ఆ తప్పునకు క్షమాపణ గలదు. ఆగుగీత మాట వేరు. బండి ఎంత వెడల్పైనను, దానిని గీతకు వెనుక నిలుపుట అందరికిని సాధ్యమే. చౌరస్తాలో ముందుచక్రము ఆగుగీత దాటి పట్టెలమీదికి వచ్చినచో, పసిబిడ్డ చేయి పట్టుకొన్న తల్లి ఇనుపబండ్ల సందులలో దూరి పోవలసినదే.

గీతకు లోబడనిచోట మరల తీగయే వచ్చును. తార్నాక చౌరస్తాను కొన్ని సంవత్సరములు అడ్డుకంచెలతో మూసి, బండ్లను దూరము పంపి, అర్ధచంద్రాకారముగా మరలి రమ్మనిరి. బండ్లకు సూటిమార్గము పోయినను చక్రము గలదు. దూరము వానికి పెద్దబాధ కాదు. నడచి పోవువారికి మాత్రము ఎఱ్ఱదీపమున బండ్లన్నియు ఆగు ఆ కొద్ది నిమిషము పోయినది. ఎడతెగక సాగు బండ్లవరుసకు ఎదురుగా చేయి చాపి దాటుటయే వారి గతి. 2025లో ప్రయోగముగా చౌరస్తాను మరల తెరచిరి. దీపముతోపాటు ఆగుగీతకును మరల పని కలిగినది.

విశ్వవిద్యాలయపు ఆవరణలోని బాట సంగతియు చెప్పవలెను. విద్యార్థులకై వేసిన దారియైనను, తార్నాకకును విద్యానగరునకును నడుమ అది దగ్గరదారి గనుక నగరపు బండ్లన్నియు దానిగుండ పోవును. ఆర్ట్సు కళాశాల ముందట దాటువారు విద్యార్థులు, ఉదయమున వ్యాహ్యాళికి వచ్చు వృద్ధులు. తారు క్రొత్తగా పరచిన దినమున రోడ్డు అద్దమువలె నుండును, బండ్లవేగ మెక్కువగును. గీతలు మాత్రము పలుమారు కొన్నిదినముల తరువాత గాని రావు. తారు వేయు గుత్తదారునకే, అదే గడువులో, ముందుగా ఆగుగీతలును పట్టెలును, పిమ్మటనే వరుసగీతలును వేయవలెనని పని పత్రములో వ్రాసినచో ఖర్చేమియు పెరుగదు.