వింటికి తగిన కఱ్ఱ

హైదరాబాదు పడమట, 1998లో సైబర్ టవర్సు వెలసిన మాదాపురపు ప్రాంతమున, తన చేతితో విల్లు చెక్కుకొనదలచిన యువకు డొకడు బయలుదేరెనా, అతనికి మొదట కలుగు సందేహ మిది: ఆంగ్లేయులు పొగడు యూ వృక్షము దక్కనులో లేదు గదా, మన చెట్లలో వింటికి వచ్చున దేది?

1909లో శ్యామశాస్త్రిగారు మైసూరున ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రము విండ్లను నాలుగు తెఱగులుగా చెప్పుచున్నది: తాటిది, వెదురుది, చేవకఱ్ఱది, కొమ్ముది. మొదటి రెండును ఊరక చేర్చినవి కావు. వంచినపుడు వింటి వీపు సాగును, కడుపు నలుగును. తాటిమ్రానియందును వెదురునందును గట్టి నారలు వెలుపలి యంచుననే దట్టముగా నుండును; దానిని వీపుగా నిలిపినచో సాగుటకు వలసిన బలము సహజముగనే లభించును. మన కొండజాతులవారు వెదురుబద్దతో విల్లు చేయుట ప్రసిద్ధమే. కౌటిల్యుడు వెదురునారితో కట్టు అల్లెత్రాటిని సైతము పేర్కొనెను. ఈ విద్య అతడు అడవివారియొద్దనే గ్రహించెనని నా యూహ.

చేవకఱ్ఱ యేదో అత డచట చెప్పలేదు. అంతట పండితులు నిఘంటువును విప్పుదురు. అమరకోశమున ధనుఃపట మను పేరు సారపప్పు చెట్టునకు గలదు. ఆ కఱ్ఱయో మెత్తనిది, బలహీనము. పేరును నమ్మి నఱికినవానికి పొయ్యిలోనికి పుల్లలు దొరకును! ధన్వన మను పేరు మాత్రము నిజము పలికినది. అది మన జానచెట్టు. దాని నార త్రాళ్లకు వచ్చును. కఱ్ఱ కావడిబద్దలకును, గొడ్డలికాములకును పేరుపొందినది. కావడిబద్ద రెండు కుండల బరువునకు వంగి, అడుగడుగునకు మరల లేచును. వింటికి గావలసిన గుణ మదియే. గట్టితనము వేఱు, సాగుగుణము వేఱు. నల్లతుమ్మ బండిచక్రమునకు మేలైనంతమాత్రమున వింటికి మేలని యెంచరాదు. ఎఱుగని కఱ్ఱను చూపినచో నిఘంటువుకంటె ముందు కావడి మోసినవాని నడుగవలెను. అతని మాట వ్రాసికొనుటకు మన విద్యావంతులకు తీరిక చిక్కలేదు.

నల్లమలలో జానచెట్లున్నను అవి పులుల రక్షితారణ్యములు. అచట కొమ్మ నఱకరాదు. కావున మాదాపురపు యువకుడు పాత యిండ్లు కూల్చుచోట పురుగుతినని తాటివాసమును వెదకుట మేలు. ఏండ్ల తరబడి ఆరినది గనుక తడి బాధ లేదు. మొదట సన్నని బద్ద నొకదానిని చీల్చి, నల్లని యంచు వెలుపలికుండునట్లు వంచి, విడిచి చూడవలెను. అది వంకరగనే నిలిచిపోయినచో వేఱొక వాసమును చూచుకొనవలెను.