స్త్రీధనశబ్దము: నల్లమలయంచున దాని చరిత్రము

మూలఘటిక కేతన రచించిన విజ్ఞానేశ్వరీయమును మనవారు భాషకొఱకును ఛందస్సుకొఱకును జదువుదురు. వ్యవహారమున కక్కఱపడు గ్రంథముగా జదువువారు తక్కువ. పదుమూడవ శతాబ్దిలో తిక్కనకు సమకాలికుడైన యీ కవి, యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర ననుసరించి, ఆచార వ్యవహార ప్రాయశ్చిత్తకాండములను దెనుగుపద్యములుగా సంతరించెను. సంస్కృతము రాని గృహస్థునకు దాయవిభాగము తెలిసికొన దీనివలన వీలు గలిగెను. ఆ మితాక్షరయందలి స్త్రీధనమను నొక్క పదము, శ్రీశైలమార్గమునగల పెద్దదోర్నాలవంటి గ్రామములలో ఆడువారి భూమిని ఎట్లు శాసించుచు వచ్చెనో యిందు విచారింపబడును.

మనువు స్త్రీధనము ఆఱువిధములని చెప్పెను: వివాహాగ్నియెదుట నిచ్చినది, అత్తవారింటికి బోవునపుడు వచ్చినది, ప్రీతితో నొసగినది, సోదరుడు, తల్లి, తండ్రి యిచ్చినవి. యాజ్ఞవల్క్యుడు తన పట్టికతుద 'ఆద్య'శబ్దమును జేర్చెను. విజ్ఞానేశ్వరుని ప్రతిభ యీ చిన్నపదమునందే కనబడును. స్త్రీధనమనునది పారిభాషికము గాదు, యౌగికము. స్త్రీకి జెందిన ధన మేదైనను స్త్రీధనమే యని యతని నిశ్చయము. కావుననే దాయముగా వచ్చినది, కొన్నది, పాలుగా దొరకినది కూడ నందు జేరెను. వ్యాకరణ మెఱిగిన పాఠకులు దీని బలమును వెంటనే గ్రహింపగలరు. పసుపుకుంకుమలక్రింద కూతునకు నేల యిచ్చు మన యాచారము ప్రీతిదత్తమునకు సన్నిహితము. దాయమన్ననో, దాత యిచ్చపై నాధారపడునది గాదు.

మార్కాపురము తాలూకా 1800లో దత్తమండలములతో గూడ నిజామునుండి కంపెనీవారికి సంక్రమించెను. పిమ్మట కర్నూలు జిల్లాలో జేరి 1970 వఱకు నందే యుండెను. ఇచటి తగవులకు మద్రాసు హైకోర్టును, దానిపై లండనులోని ప్రివీకౌన్సిలును నిర్ణేతలు. కోల్‌బ్రూకు 1810లో బ్రకటించిన ఆంగ్లానువాదమే యా న్యాయాధిపతులకు ముఖ్యాధారము. 1867లో ప్రివీకౌన్సిలువారు మితాక్షర వర్తించుచోట గూడ, భర్తవలన విధవకు వచ్చిన దాయము ఆమె స్త్రీధనము గాదని తీర్పు చెప్పిరి. ఆమె దాని ననుభవింపవచ్చును. ధర్మసమ్మతమైన యవసరము లేక యమ్మరాదు. ఆమె తరువాత నది భర్తృవారసులకే పోవును. విజ్ఞానేశ్వరుని మతము విజ్ఞానేశ్వరుని పేరిటనే తొలగింపబడుట విచిత్రము. 1937నాటి శాసనము విధవకు గుమారునితో సమభాగ మిచ్చియు నీ పరిమితిని విడువలేదు.

1956 జూన్ 17న నమలునకు వచ్చిన హిందూవారసత్వశాసనపు 14వ విభాగము స్త్రీని తన సొత్తునకు బూర్ణస్వామినిగా జేసెను. అందలి వివరణలో దాయము, విభాగము, క్రయము మున్నగునవి వరుసగా బేర్కొనబడినవి. మితాక్షరతో బోల్చి చూచినచో ఎనిమిదివందల యేండ్లకు బైబడిన పట్టిక మరల దిరిగి వచ్చినట్లుండును. దీనికి గట్టిపరీక్ష ఆంధ్రదేశపు వ్యాజ్యముననే జరిగెను. 1949లో రాజీవలన నొక విధవకు భరణముక్రింద భూములు జీవితకాలమునకు మాత్ర మీయబడెను. ఆమె కొంత విక్రయింపగా భర్తృసోదరు డడ్డుపడెను. తులసమ్మ వ్యాజ్యమని పేరొందిన యీ తగవులో 1977లో సుప్రీముకోర్టు, భరణము పూర్వమునుండియు నున్న హక్కే కాని దయాదత్తము గాదనియు, కావున నా భూములు పూర్తిగా నామెవే యైనవనియు నిర్ణయించెను.

కూతుండ్ర సంగతి వేఱు. 1956 తరువాత గూడ ఉమ్మడిసొత్తున జన్మహక్కు కొడుకులకే యుండెను. ఆంధ్రప్రదేశపు 1986వ సంవత్సరపు 13వ శాసనము, 1985 సెప్టెంబరు 5 మొదలుకొని, కూతును గూడ బుట్టుకచేతనే దాయాదిగా జేసెను. ఆ దినమునకు ముందు పెండ్లియైనవారిని మాత్రము విడిచెను. ఒక్కయింటనే చెల్లెలు అన్నతో సమానురాలయ్యెను, అక్క కేమియు లేకపోయెను. ఈ యొక్క నిబంధన శాసనపు మేలును సగము హరించెనని నా తలంపు. 2005 సెప్టెంబరు 9నాటి కేంద్రసవరణములో నిట్టి భేదము లేదు. ఆనాటికి దండ్రి జీవించియుండ నక్కఱలేదని 2020లో సుప్రీముకోర్టు తేల్చెను. 2004 డిసెంబరు 20కి ముందు విధిగా జరిగిన పంపకములు మాత్రము కదల్పబడవు.

దోర్నాల చుట్టునున్న చెంచుగూడెముల కీ చరిత్ర యంతయు వర్తింపదు. కేంద్రప్రభుత్వము ప్రత్యేకముగా బ్రకటించిననే తప్ప షెడ్యూలుతెగలకు దాను జెల్లదని 1956 శాసనమే 2వ విభాగమున జెప్పుచున్నది. వారికి గులాచారమే ప్రమాణము. ఆచారము స్త్రీకి భాగము లేదని ఋజువు కానిచో, సమానత్వమునుబట్టి భాగ మీయవలెనని 2025 జులైలో సుప్రీముకోర్టు గోండుతెగకు జెందిన యొక స్త్రీ వారసుల వ్యాజ్యమున దీర్పు చెప్పెను. చెంచుల యాచారమును బెద్దలనోట విని వ్రాసియుంచుట మన పరిశోధకులు చేయదగిన పని. రేపు న్యాయస్థానమున నదియే సాక్ష్యమగును.

వ్యాజ్యమునకు ధనము లేనివారికి 1987నాటి న్యాయసేవాశాసనము కలదు. 1995 నవంబరు 9 నుండి యమలునందున్నది. దాని 12వ విభాగమునుబట్టి స్త్రీలకును షెడ్యూలుతెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచితముగా న్యాయవాది నీయవలెను. దోర్నాలవారు మార్కాపురము న్యాయస్థానమున విచారింపవచ్చును. 15100 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. దరఖాస్తు తెలుగుననే వ్రాయవచ్చును. వ్రాయ నేరనివారు నోట జెప్పిన దానిని అధికారి వ్రాసికొని వ్రేలిముద్ర తీసికొనును.