నిలిచిన బండి – తరుగు శక్తి

వాడని వస్తువు అరగదని మనలో నొక నమ్మకము కలదు. పెట్టెలోని పట్టుచీరవలె, అటకమీది యిత్తడిబిందెవలె, నీడను నిలిపిన మోటారుబండియు ఉన్నదున్నట్లే యుండునని తలంతుము. ఈ తలంపెంత పొరపాటో, 2020వ సంవత్సరము మార్చి 25వ తేదీన దేశమంతటను రాకపోకలు నిలిచిన పిమ్మట అనేక కుటుంబములవారు తెలిసికొనిరి.

మే మెరిగిన యొక యింట ఆ వేసవిలో నడిరేయి వృద్ధురాలికి ఊపిరి సలుపకపోయెను. కోడలికి బండి నడపుట వచ్చును, లైసెన్సును కలదు. ఆమె తాళపుచెవి త్రిప్పగా టిక్కుటిక్కుమను చప్పుడే గాని యింజను కదలలేదు. పొరుగువారి బండినుండి తీగలు తగిలించి దానిని నడపించుసరికి అరగంట గడచెను. వృద్ధురాలు బ్రదికినది గాని, ఆ యరగంటను ఆ యింటివారు నేటికిని మరువజాలరు. బ్యాటరీ సంగతి ఆ కోడలి కెవ్వరును చెప్పియుండలేదు. అది మగవారి పని యని యూరకుండిరి. ఈ మాట యెంత నిరాధారమో బ్యాటరీ చరిత్రమే చెప్పుచున్నది.

1800వ సంవత్సరమున ఇటలీ దేశస్థుడగు వోల్టా, వెండి బిళ్ళలను జింకు బిళ్ళలను జతలుగా పేర్చి, జతకును జతకును నడుమ ఉప్పునీట తడిపిన అట్టముక్కల నుంచి, నిలుకడగా ప్రవహించు విద్యుత్తును లోకమునకు జూపెను. కాని ఆ దొంతరలో జింకు హరించినకొలదిని శక్తియు హరించెడిది. తరిగిన శక్తిని మరల నింపుకొనగల బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశస్థుడగు గాస్టన్ ప్లాంటే నిర్మించెను. రెండు సీసపు రేకులు ఒకటి నొకటి తాకకుండ చుట్టగా చుట్టి, నీరు గలిపిన గంధకామ్లములో ముంచుటయే ఆయన చేసినది. 1881లో కామిల్ ఫోర్ ఆ రేకులకు సిందూరపు ముద్ద పూసి వాని సత్తువను పెంచెను. మరుసటి సంవత్సరము గ్లాడ్‌స్టన్, ట్రైబ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు, శక్తి వెలువడునపుడు రెండు పలకలమీదను సీసపు సల్ఫేటు ఏర్పడుననియు, ఛార్జి చేయునపుడు అది విడిపోవుననియు వివరించిరి. కావున బ్యాటరీ విద్యుత్తును పోసి దాచిన కుండ కాదు. ముందునకును వెనుకకును నడువగల రసాయనిక క్రియ.

ఆ కాలపు పెట్రోలుబండిని నడపవలెనన్న ముందు ఇనుప కడ్డీ దూర్చి బలముకొలది త్రిప్పవలసి యుండెను. ఒక్కొకప్పు డది వెనుకకు తన్ని చేయి విరుగగొట్టెడిది. అందుచే పలువురు స్త్రీలు బ్యాటరీతోనే నడచు బండ్లను కోరిరి. పెట్రోలుబండ్లను లక్షలకొలది చేయించిన హెన్రీ ఫోర్డు భార్యయగు క్లారా ఫోర్డు సైతము డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అను విద్యుత్తు బండినే నడిపెడిది. 1912లో చార్లెస్ కెట్టరింగ్ కల్పించిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ బండ్లకు అమరెను. బాహుబలము చేయవలసిన పనిని బ్యాటరీ చేయ నారంభించెను. స్త్రీకి స్వేచ్ఛ నిచ్చిన సాధనములలో నిదియు నొకటి. అట్టిదానిని మగవారి పని యనుట వింత గాదా!

అయితే యీ స్వేచ్ఛకు పోషణ కావలెను. నిలిచిన బండిలోను గడియారము, దొంగల హెచ్చరిక మొదలగునవి కొంత విద్యుత్తును త్రాగుచునే యుండును. అది 50 మిల్లీ ఆంపియర్లైనచో దినమునకు 1.2 ఆంపియరు గంటలు. 45 ఆంపియరు గంటల బ్యాటరీ 20 దినములలో సగమునకు మించి తరుగును. తీగలు విప్పినను బ్యాటరీ తనలో తాను మెల్లగా తరుగుచుండును. మన వేసవి వేడిమి దానిని త్వరపెట్టును. తరిగినది నింపక విడిచినచో క్రొత్తగా నేర్పడిన సల్ఫేటు గట్టిపడి, పిదప ఛార్జి చేసినను కరగదు. ఆకలితో నుంచిన బ్యాటరీ చచ్చు విధ మిది.

నివారణోపాయములు కష్టమైనవి కావు. బండిని వారమున కొకసారి అరగంటయైన రోడ్డుమీద నడపవలెను. నిలిపిన చోటనే రెండు నిమిషములు ఇంజను తిరుగనిచ్చుట చాలదు. స్టార్టరు వాడుకొన్నది సైతము తిరిగి చేరకపోవచ్చును. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను తిరుగనిచ్చుట ప్రాణాపాయము. ఆ పొగలోని విషవాయువునకు వాసన లేదు. బండి నెలలకొలది నిలుచునదైనచో, నిండినంతనే తన్ను తాను తగ్గించుకొను చిన్న ఛార్జరును తగిలింపవచ్చును. లేదా ఋణధ్రువపు తీగను ముందుగా విప్పి, తగిలించునపుడు దానినే కడపట తగిలింపవలెను. అట్లు చేసిన పానా బండి యినుమునకు తగిలినను నిప్పురవ్వలు లేవవు. కొన్ని గంటలు కదలక యున్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిన నిండుగా నున్నది, 12.4కు దిగిన ఛార్జి చేయవలెను. ఛార్జి యగునపుడు మండెడు వాయువు వెలువడును గాన దీపమును, చుట్టను దూరముగా నుంచవలెను.

ఇందులో కండబలము కోరునది యొక్కటియు లేదు. తెలివియు, క్రమమును చాలును. పాలు తోడుపెట్టుట యేనాడును మరువని గృహిణికి వారమున కొకసారి బండిని చూచుకొనుట భారము కాదు. నేర్పనివారిదే లోపము గాని నేర్వనివారిది కాదు. మే మెరిగిన యా యింట నిప్పుడు ఆదివార ముదయమున కోడలే బండిని నడిపి వచ్చుచున్నది. ప్రక్కను కూర్చుండునది అత్తగారు.