వంగిన నడుము – వీడని చిక్కుముడి

సూరత్ నగరంలోని రింగ్ రోడ్ బట్టల మార్కెట్లకు పెట్టింది పేరు. ఆ ఊళ్లో బట్టల పరిశ్రమను నమ్ముకొని బతుకుతున్న తెలుగువారూ ఎందరో ఉన్నారు. అక్కడ మూట మోసే కూలీ నడుము వంగి ఉంటుంది. మూట దించగానే నిటారుగా నిలబడతాడు. కాని ఏ బరువూ లేకుండానే మెడ, నడుము ముందుకు వంగి, చిన్న చిన్న అడుగులతో తూలుతూ నడిచే పెద్దవాళ్లనూ మనం వీధుల్లో చూస్తుంటాం. వయసు మీద పడిందని సరిపెట్టుకుంటాం. అన్నివేళలా కారణం వయసు కాదు.

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. అందులో వర్ణించిన ఆరుగురు రోగులలో కొందరిని ఆయన చూసింది వీధిలోనే! చేతుల వణుకుతో పాటు, మొండెం ముందుకు వంగడం, నడక పరుగుగా మారడం కూడా ఈ జబ్బు లక్షణాలేనని ఆయన రాశాడు. మెడ దగ్గర రక్తం తీయడం ఆయన సూచించిన చికిత్స. తరువాత ఫ్రెంచి వైద్యుడు షార్కో ఈ జబ్బుకు పార్కిన్సన్ పేరు పెట్టాడు. కండరాలు బిగుసుకుపోవడాన్నీ వివరించాడు.

అసలు నడుము ఎందుకు వంగుతుంది? నిలబడడం తేలికైన పనిగా కనిపిస్తుంది. కాని అందుకోసం మెదడు వీపు, కాళ్ల కండరాలను అనుక్షణం సరిదిద్దుతూ ఉండాలి. ఈ పనికి తోడ్పడే రసాయనాలలో డోపమిన్ ఒకటి. అది మెదడుకు ముఖ్యమని స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ 1950లలో చూపాడు. ఆయనకు 2000లో నోబెల్ బహుమతి లభించింది. పార్కిన్సన్ రోగుల మెదడులో డోపమిన్ బాగా తగ్గిపోతుందని 1960లో వియన్నాలో హోర్నికీవిచ్, ఎరింగర్ కనుగొన్నారు.

డోపమిన్‌ను మందుగా ఇస్తే అది రక్తం నుంచి మెదడులోకి చేరదు. డోపమిన్‌గా మారే ఎల్-డోపా మాత్రం చేరుతుంది. ఈ పదార్థాన్ని మన పొలాల గట్ల మీద పెరిగే దూలగొండి గింజల నుంచి మద్రాసు విశ్వవిద్యాలయంలో దామోదరన్, రామస్వామి వేరుచేసి, 1937లోనే ప్రకటించారు. పార్కిన్సన్ వ్యాధికి అది పనికివస్తుందని అప్పటికి తెలియదు. 1967లో అమెరికాలో కాట్జియాస్ డోపాను కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ నోటి ద్వారా ఇచ్చి మంచి ఫలితాలు సాధించాడు.

అయితే ఒక చిక్కు మిగిలింది. బిగువు, మందకొడితనం తగ్గినంతగా వంగుడు, తూలుడు తగ్గలేదు. శరీరాన్ని నిలిపి ఉంచే ఏర్పాటులో డోపమిన్‌తో సంబంధం లేని నాడీ మార్గాలూ ఉండడం ఇందుకు ఒక కారణం.

అదే 1967లో బ్రిటిష్ వైద్యుడు పర్డన్ మార్టిన్ మరో దారి చూపాడు. నేల మీద అడ్డగీతలు గీస్తే, అడుగు కదలని రోగి వాటిని దాటుతూ నడవగలిగాడు! తనంతట తాను జరగని పనికి కంటిచూపు ఊతమిచ్చింది. ఈనాటి వ్యాయామ చికిత్సలో ఈ ఉపాయాన్ని వాడుతున్నారు. వీపు కండరాలను సాగదీసి బలపరచడం, అద్దం ముందు నిలబడి వంగుడును సరిదిద్దుకోవడం, నిలకడగా నిలబడే అభ్యాసాలు కూడా చేయిస్తారు. వీటిని మందులతో పాటు తొలి దశ నుంచే మొదలుపెట్టడం మంచిది.

దూలగొండి గింజలను మాత్రం సొంతంగా తినరాదు. మోతాదు తప్పితే ప్రమాదం. ఇంట్లో తాతగారి నడుము వంగి, అడుగులు చిన్నవైతే "ముసలితనం" అని ఊరుకోకండి. నాడీ వైద్యునికి చూపించండి. ఒక్కసారి కిందపడితే విరిగే తుంటి ఎముక ఆయనను మంచానికే పరిమితం చేయవచ్చు.